వెదురు నాలుక

ఆత్మకూరు,
కార్తీక బహుళ పంచమి

చిరంజీవి మేనల్లుడికి మీ మామ ఆశీర్వదించి రాసేది. మీ అత్తకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. కడపలో నువ్వు వేళకు తింటున్నావనీ, మృదంగం సాధన మానలేదనీ తలుస్తాను.

నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా మనసంతా ఆ వెదురు ముక్కల మీదే ఉంది. చేతిపని సంగతి ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం తీసుకున్నా. ఓపిగ్గా చదువు, కత్తి పట్టేముందు ఇంకోసారి చదువు.

నువ్వు చెప్పిందాంట్లో నాకు గుర్తున్నది ఇదీ. వీడియోలో ఎవరో సన్నటి వెదురు బద్దను పెదాలకు ఆనించుకొని, చివర వేలితో మీటుతుంటే విన్నావు. ఇనుప మోర్సింగ్ మాదిరే ఉంది గానీ గొంతు మెత్తగా ఉందన్నావు. నువ్వే మూడు చేశావు. మొదటిది చీలిపోయింది. రెండోది మోగలేదు. మూడోది రాత్రి బాగా మోగి, తెల్లారి చూస్తే మూగబోయింది. సంక్రాంతి తర్వాత కాలేజీ ప్రదర్శనలో పెట్టి, పక్కన అట్ట మీద ‘నల్లమల చెంచుల ప్రాచీన వాద్యం’ అని రాస్తానన్నావు.

ఆ చివరి మాట నాకు గొంతులో ముల్లులా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతా. ముందు వెదురు సంగతి.

అబ్బోడా, నువ్వు తెచ్చుకున్నది పందిళ్ళకు అమ్మే లేత బొంగు అయ్యుంటుంది. పచ్చగా, నిగనిగలాడుతూ ఉందని మురిసి కొని ఉంటావు. మన నల్లమలలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి ముళ్ళ వెదురు, లోపల బోలుగా, పెద్ద పెద్ద పొదలుగా పెరిగేది. ఇంకొకటి సాదనం. ఇది సన్నగా పెరుగుతుంది, గోడ మందం, కొన్ని బొంగుల్లో లోపల బెజ్జం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. పోలీసు లాఠీ, గొర్రెల కాపరి చేతికర్ర ఈ సాదనంతోనే. పిల్లనగ్రోవికి ఇది పనికిరాదు, గాలి ఆడే చోటే లేదు. మనం చేసే పనికి మాత్రం ఇదే కావాలి. దీని పీచు దట్టం. వంచి వదిలితే చటుక్కున వెనక్కి వస్తుంది. నోటి దగ్గర ఊగి మోగే భాగానికి, అంటే వాద్యం నాలుకకు, కావలసింది ఆ గుణమే.

బొంగు వయసు మూడేళ్ళు ఉండాలి. ఆ ఏడు లేచిన పిలక అయితే కణుపుల దగ్గర తొడుగు పొరలు అంటుకొని ఉంటాయి, ఒంటి మీద తెల్లటి బూడిద ఉంటుంది. దాంట్లో నీరే ఎక్కువ, ఎండితే ముడుచుకుపోతుంది. మూడేళ్ళది రంగు మాసి, అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు పడి ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూడు. లేతది ‘బద్’ మంటుంది, ముదిరింది ‘టక్’ మంటుంది. పూత పట్టిన పొదలోది మాత్రం ముట్టుకోవద్దు. ఎన్నో ఏళ్ళకొకసారి పొదలన్నీ కలిసి పూసి, గింజ రాల్చి చచ్చిపోతాయి. వెదురు బియ్యం అని ఏరుకొని తినేది ఆ గింజనే. ఆ బొంగు పెళుసు, బుట్టకు కూడా వంగదు.

కొట్టే కాలం పుష్యం, మాఘం. వానలు ఆగి, చెట్టులో నీరు తగ్గాక. వానాకాలంలో కొట్టిన వెదురులో నీరు ఎక్కువ ఉంటుంది. వెదురులోని పిండి కోసమే పురుగు చేరి పుచ్చు పడుతుంది, తట్టితే పసుప్పచ్చ పొడి రాలుతుంది. అమావాస్య దగ్గర కొట్టమని మా నాయన చెప్పేవాడు, నేను ఇప్పటికీ అట్లాగే చేస్తున్నా.

నువ్వు మాత్రం కత్తి పట్టుకొని అడవికి పోవద్దు. ఆత్మకూరు దాటితే అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అక్కడ పుల్ల విరిచినా తప్పే. అడవిలో పుట్టి పెరిగినవాళ్ళకు 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా లెక్కగట్టి హక్కు ఇచ్చింది. మనకు ఇవ్వలేదు. ఇక పొలం గట్ల మీద, తోటల్లో పెంచిన వెదురును 2017లో చట్టం మార్చి చెట్ల జాబితాలోంచి తీసేశారు. కాబట్టి రైతు దగ్గరో, డిపో నుంచి తెచ్చుకున్న మేదరి దగ్గరో డబ్బిచ్చి కొను. బేరం ఆడకు. ప్లాస్టిక్ టబ్బులు వచ్చాక మనవాళ్ళ గంపలు, చేటలు అడిగేవాళ్ళు లేక, ఒక్కో కుటుంబం ఎట్లా రోజు గడుపుతోందో నీకు తెలుసు.

ఇప్పుడు నీ మూడోది ఎందుకు మూగబోయిందో చెబుతా. నాకూ అట్లాగే జరిగింది కాబట్టి బాగా తెలుసు.

బడిపంతులుగా పాతికేళ్ళు చేసినా నేను కత్తి వదల్లేదు. రిటైరయ్యాక ఒకసారి మనవాళ్ళ బుట్టలు తీసుకొని హైదరాబాదు శిల్పారామం మేళాకు పోయినప్పుడు, పక్క దుకాణం అస్సాం నుంచి వచ్చిన బోడో మనిషిది. నాకంటే పెద్దవాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు, ఇద్దరి హిందీ అంతంత మాత్రం. పది రోజులూ చేతులతోనే మాట్లాడుకున్నాం. ఆయన దగ్గర గొంగొనా అనే వెదురు వాద్యం ఉండేది. సాయంత్రం జనం పలచబడ్డాక నోటికి పెట్టుకొని వాయిస్తుంటే, మా దుకాణంలో చేటలు కూడా వింటున్నట్టు ఉండేది. నేను కూడా ఒకటి చేస్తానని సైగ చేస్తే, నా చేతులు తిప్పి చూశాడు. కాయలు కాసిన చేతులు చూసి తల ఊపాడు.

ఇంటికి వచ్చిన రోజే పెరట్లో పచ్చి బద్ద తీసి, రాత్రి పది దాకా కూర్చొని చేశాను. మోగింది. మీ అత్తను లేపి మరీ వినిపించాను. పొద్దున లేచి మీటితే ఉలుకూ పలుకూ లేదు. పచ్చి వెదురు రాత్రికి రాత్రి ఆరి ముడుచుకొని, నాలుక ఒక పక్కకు వంగి చట్రానికి తగులుకొని ఉంది. అస్సాంలో గాలిలో తేమ ఉంటుంది, వెదురు నిదానంగా ఆరుతుంది. మన సీమ గాలి అట్లాంటిది కాదు. ఉతికిన పంచె గంటలో ఆరే చోట పచ్చి వెదురు పెట్టుకొని సన్నపని చేయకూడదు. దాంతో కలిపి పదకొండు పాడయ్యాయి, ఒక్కోటి ఒక్కో తప్పుకు. వాటిని పారేయలేదు, దారంతో కట్టి అటక మీద పెట్టుకున్నా. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా. మంచిది ఒకటి చూసి నేర్చుకొనేదానికన్నా చెడినవి పదకొండు చూసి నేర్చుకొనేది ఎక్కువ.

అందుకే వెదురును రెండు వారాలు నీళ్ళలో నానబెట్టాలి. పారే నీరైతే మేలు, తొట్టిలో అయితే రెండు రోజులకోసారి నీళ్ళు మార్చు. కంపు కొడుతుంది, ఓర్చుకో. లోపలి పిండి కరిగిపోయేది అప్పుడే. తర్వాత నీడలో, గాలి తగిలే చోట నిలబెట్టి కనీసం నెలన్నర ఆరబెట్టు. ఎండలో పెడితే పగులుతుంది.

ఇక పని. కణుపుకూ కణుపుకూ మధ్య జానెడుకు తగ్గని తుంట తీసుకో. చీల్చేటప్పుడు ఎప్పుడూ సగానికి సగమే. రెండు, నాలుగు, ఎనిమిది. ఒక పక్క సన్నగా ఒక పక్క లావుగా చీల్చబోతే, చీలిక సన్నవైపుకు జారుతూ పోయి మధ్యలోనే బయటపడుతుంది. అట్లా జారుతున్నట్టు కనిపిస్తే కంగారుపడకు. లావుగా ఉన్న వైపును నిదానంగా వంచు, చీలిక మళ్ళీ మధ్యకు వస్తుంది. ఇది మీ అమ్మకు ఏడేళ్ళ వయసులోనే వచ్చు, అడుగు. మా ఇద్దరిలో సన్న బద్దలు తీసేది ఆమే.

బద్ద పొడవు ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు, మందం నాలుగు మిల్లీమీటర్లు ఉంచు. లోపలి గుజ్జు తీసెయ్యి. పై చెక్కు మాత్రం జోలికి పోవద్దు, బలమంతా దాంట్లోనే ఉంది. మీ ఇంటి ముందున్న కడప బండ కంటే చదునైంది నీకు దొరకదు. దాని మీద ఉప్పు కాగితం పరిచి, బద్ద లోపలి వైపును దాని మీద రుద్దు. కత్తితో చదును చేయబోతే గుంటలు పడతాయి.

బద్దను మనసులో మూడు భాగాలు చేసుకో. ఒక చివర ఎడమ చేత్తో పట్టుకొనేది. ఇంకో చివర కుడి చేతి వేలితో కొట్టేది. మధ్యలో నాలుక, ఆరు సెంటీమీటర్ల పొడవు. నాలుక మొదలు కొట్టే చివర వైపు ఉండాలి, కొన పట్టుకొనే వైపు ఉండాలి. నువ్వు రెండోది తిప్పి చేసి ఉంటావని నా అనుమానం. వేలితో కొట్టినప్పుడు అదురు ముందు మొదలుకు తగిలితే, దాన్ని పట్టుకొని ఉన్న నాలుక ఊగుతుంది. తిప్పి చేస్తే అదురంతా నీ ఎడమ చేతిలోనే చచ్చిపోతుంది.

రెండు చివరలూ మందంగానే వదిలెయ్. మధ్య భాగాన్ని లోపలి వైపు నుంచి మిల్లీమీటరున్నర దాకా పలచన చెయ్యి. ఆ తర్వాతే నాలుక కొయ్యాలి. కోసే ముందు, నాలుక మొదలు రావాల్సిన చోట బద్దకు అడ్డంగా నూలుదారం బిగించి నాలుగు చుట్లు చుట్టు. నీ మొదటిది చీలిపోయింది ఈ దారం లేకనే. వెదురు పీచు నిలువునా పోతుంది, కత్తి మొన తగిలితే చాలు, ఆ దారే పట్టుకొని చివరి దాకా పరుగెత్తుతుంది. దారం కట్టుంటే అక్కడ ఆగుతుంది.

కొన దగ్గర కాల్చిన సూదితో రెండు సన్న చిల్లులు పెట్టు. అక్కడి నుంచి మొదలు వైపు కత్తి మొనతో గీతలు గియ్యి, పొడవొద్దు. అదే గీత మీద ఇరవైసార్లు పోనీ, ముప్పైసార్లు పోనీ. అవతలి పక్కకు దానంతట అదే తెగాలి. మొదలు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, కొన దగ్గర రెండున్నర. చివరగా కొనను అడ్డంగా తెంపు. నాలుక వదులైన ఆ క్షణంలో చేతికి చిన్న కంపనం తెలుస్తుంది. నాకు ఇప్పటికీ అక్కడ ఊపిరి ఆగుతుంది.

ఇక్కడి నుంచి నువ్వు కత్తి పక్కన పెట్టి, గీకడానికి గాజుపెంకు తీసుకోవాలి.

ఆ బోడో పెద్దాయన నాకు నేర్పింది నాలుక పక్క సందు చూడటం, అదొక్కటే. ఆయన బద్దను దీపానికి అడ్డంగా పట్టుకొని నన్ను రమ్మన్నాడు. నాలుకకు అటూ ఇటూ వెలుగు రెండు వెంట్రుకల్లా కనిపించింది. రెండూ ఒకే మందం. ఆయన గోటితో ఒక చోట చూపించాడు. అక్కడ వెలుగు కొంచెం ఎక్కువగా ఉంది, నాకు ముందు కనపడనే లేదు. తర్వాత నోటికి పెట్టి ఊరికే ఊపిరి లోపలికి పీల్చాడు, మీటలేదు. సన్నగా ‘స్...’ మని వినిపించింది. సందు ఎక్కువైతే గాలి జారిపోతుంది, గొంతు పీలగా వస్తుంది. సందు మరీ బిగువైతే నోటి తడికి వెదురు ఉబ్బి తగులుకుంటుంది. వెంట్రుకంత సందు అంటే వెంట్రుకంతే. నీ రెండోదాన్ని దీపానికి పట్టి చూడు. ఎందుకు మోగలేదో నీకే తెలుస్తుంది.

శ్రుతి సంగతి. నాలుక మొదలు దగ్గర గీకితే అది మెత్తబడి నిదానంగా ఊగుతుంది, శ్రుతి దిగుతుంది. కొన దగ్గర గీకితే బరువు తగ్గి తొందరగా ఊగుతుంది, శ్రుతి పెరుగుతుంది. కొనకు ఆవగింజంత తేనెమైనం అంటిస్తే మళ్ళీ దిగుతుంది. ఇనుప మోర్సింగ్ వాళ్ళు కచేరీలో మైనం పెట్టుకొనేది ఇందుకే, నీకు తెలిసిందే. మైనం తీసేయొచ్చు. గీకింది మాత్రం తిరిగి అతకదు. ఒక్కసారి గాజుపెంకు లాగు, మీటి విను. మళ్ళీ ఒక్కసారి లాగు, విను. రెండుసార్లు లాగి ఒకసారి వినడం వద్దు. నా పదకొండులో ఆరు ఆ తొందరలోనే పోయాయి. మోగుతోంది కదా, ఇంకొంచెం బాగా మోగిద్దామని చెయ్యి పోనిచ్చాను.

వాయించేటప్పుడు దీన్ని ఇనుపదాని మాదిరి పళ్ళకు నొక్కి పట్టొద్దు. పళ్ళు కొద్దిగా తెరిచి, పెదాలతో మెత్తగా పట్టుకో. నాలుక ముందు ఏదీ అడ్డం రాకూడదు. కొట్టే చివరను చూపుడువేలితో లోపలికి తడుతున్నట్టు మీటు. అంచులు ఉప్పు కాగితంతో తోముకోకపోతే పెదవిలో పేడు దిగుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు నువ్వు మృదంగం మనిషివి కాబట్టి నీకు నచ్చే మాట ఒకటి చెబుతా. ఈ వెదురుకు ఉన్నది ఒక్కటే శ్రుతి. మార్చేది నీ నోరు. నాలుక సెకనుకు 80 సార్లు ఊగుతుందనుకో. ఆ ఒక్క మోతలోనే 160, 240, 320, 400, 480 ఇట్లా దాని రెట్లన్నీ కలిసి ఉంటాయి. ఆ 80ని నువ్వు ‘స’ అనుకుంటే 160 పై ‘స’, 240 ‘ప’, 320 మళ్ళీ ‘స’, 400 అంతర గాంధారం, 480 ‘ప’. నీ నోటి గుహ ఏ ఆకారంలో ఉంటే ఆ రెట్టు పైకి తేలుతుంది. ‘ఊ’ అనబోతున్నట్టు నోరు పెడితే కిందివి, ‘ఈ’ అనబోతున్నట్టు పెడితే పైవి. గొంతు మాత్రం కలపవద్దు, ఆకారం చాలు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అచ్చులన్నీ ఇక్కడ స్వరాలవుతాయి. తంబురా దగ్గర చెవి పెట్టి కూర్చుంటే ఎవరూ మీటని గాంధారం ఒకటి వినిపిస్తుందని గురువులు చెబుతారే, అదీ ఇదీ ఒకటే. ఆ రెట్లలో ‘మ’ రాదు, ‘ద’ రాదు. వాటి కోసం వెదురును గీకి చంపవద్దు.

జతులు మాత్రం నీ ఇష్టం. త, ధిం, తొం, నం అన్నీ నోటి లోపలి నాలుకతో పలికించొచ్చు.

సరే, ఇక అట్ట సంగతి.

నాయనా, నలభై ఏళ్ళుగా వెదురు కోసం, బంధుత్వం కోసం, ఊరికే మనసు పుట్టి కూడా నేను చెంచుగూడేలకు పోతున్నా. బైర్లూటి వైపు నాకు తెలియని ఇల్లు తక్కువ. వాళ్ళ చేతుల్లో విల్లు చూశాను, తేనె దించడానికి కొండ అంచున వేలాడే తాళ్ళు చూశాను, వెదురు బుట్టలు చూశాను. ఈ వాద్యం చూడలేదు. నేను చేసిన పన్నెండోదాన్ని తీసుకుపోయి ఒక గూడెంలో ముసలాయన చేతికిచ్చాను. ఆయన రెండు వైపులా తిప్పి చూశాడు. నేను వాయిస్తే కళ్ళు మూసుకొని విన్నాడు. ఆ తర్వాత అడిగిన మొదటి మాట: “ఇది యా ఊరిది?”

ఆ ముసలాయన అడిగిన ప్రశ్నకు నీ అట్ట అబద్ధం చెబుతుంది.

నువ్వు పంపిన వీడియో నేను నాలుగుసార్లు చూశాను. అది కుబింగ్. ఫిలిప్పీన్స్ దేశంలో మిందనావ్ అనే దీవిలో మారనావ్, మగిందనావ్ ప్రజలు వాయించేది. ఇదే కుటుంబంలో జావా దీవి పడమటి వైపు సుండా వాళ్ళకు కరిందింగ్ ఉంది. జపాను ఉత్తరాన ఐను ప్రజలకు ముక్కురి ఉంది, దాన్ని వేలితో కాకుండా దారం లాగి మోగిస్తారు. నేపాలు కొండల్లో రాయి, లింబూ జనం దగ్గర బినాయో ఉంది. అస్సాంలో బిహూ పాటలకు గొగొనా లేకుండా జరగదు, ఆడపిల్లలు దాన్ని కొప్పులో దోపుకుంటారు. బోడోల గొంగొనాకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాజస్థాన్‌లో లంగా, మంగణియార్ కళాకారుల మోర్‌చంగ్, మన కర్ణాటక సంగీతంలో మోర్సింగ్ రెండూ ఇనుపవి. వెదురు దొరికే చోట వెదురు పలికింది, కొలిమి ఉన్న చోట ఇనుము పలికింది. మన దక్షిణాది కచేరీలో మృదంగం పక్కన కూర్చున్నది ఇనుపదే.

మన బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మీ నాయన స్వీట్లు పంచాడు, గుర్తుందా? రేపు ఎక్కడో ఒక పిల్లవాడు ఆ పండును బల్ల మీద పెట్టి ‘ఇది మా ఊరి ప్రాచీన ఫలం’ అని రాస్తే మీ నాయన ఊరుకుంటాడా? పది రోజులు నా పక్కన కూర్చొని, భాష లేకుండా, డబ్బు అడగకుండా దీపం దగ్గర నాకు సందు చూపించిన ఆ పెద్దాయన రేపు నీ ప్రదర్శనకు వచ్చాడనుకో. నీ అట్ట చదివించుకొని ఆయన ముఖం ఎట్లా ఉంటుందో ఆలోచించు. నాకైతే తల ఎత్తుకోవడం కుదరదు.

ఇంకొకటి. చెంచుల పేరు పెడితే జనం ఎగబడి చూస్తారని నీ మనసులో ఉండొచ్చు. వాళ్ళ పేరు ఇప్పటికే చాలామంది వాడుకున్నారు, వాళ్ళకు ఒరిగింది తక్కువ. వాళ్ళ కోసం ఏదైనా చేయాలని ఉంటే గూడెం బడిలో పిల్లలకు నాలుగు చేసి ఇద్దాం, సెలవుల్లో రా. నచ్చితే వాళ్ళే నేర్చుకుంటారు. అప్పుడు దానికి ఏం పేరు పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం.

మనది అని చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదా అంటావేమో. ఎందుకు లేదు? వెదురు మనది. సగానికి సగం చీల్చే పద్ధతి మనది, మీ అమ్మ చెయ్యి మనది. చదును చేసిన బండ కడపది. అవి నిజాలు, గట్టిగా రాయి, పెద్ద అక్షరాలతో రాయి.

పోయిన పుష్యంలో కొట్టి, నానబెట్టి, నీడలో ఆరిన సాదనం బద్దలు ఆరు కట్టగా కట్టి, ఆదివారం బస్సులో మన ఊరి అబ్బాయి చేతికి ఇచ్చి పంపుతున్నా. మూడింటికి దారం నేనే కట్టాను. మిగతా మూడింటికి నువ్వు కట్టు. కట్టలోనే చిన్న డబ్బాలో తేనెమైనం ఉంది. నాలుక కోసిన రోజు వాయించవద్దు, ఒక రాత్రి ఉంచి తెల్లారి దీపానికి పట్టి చూసుకో. మోగినది ఫోనులో వినిపించు, మోగనిది పారేయకుండా నాకు పంపు.

అట్ట మీద ఇట్లా రాయి:

‘కుబింగ్. ఫిలిప్పీన్స్, మిందనావ్ ప్రజల వాద్యం. నల్లమల సాదనంతో, మేదర బద్ద పద్ధతిలో, కడపలో చేసింది.’

మీ అమ్మకు, నాయనకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
మీ మామ

తా.క. బద్దలు అందగానే కట్ట విప్పి, కిటికీకి దూరంగా నీడలో నిలబెట్టు.